ఓబులక్క కాళ్లు చెప్పిన అబద్ధం

అనగనగా అని నోరు తెరిస్తే నోట్లోంచి పొగలొచ్చేంత చలిదేశంలో, కొండల నడుమ, వెండికోన అని ఒక ఊరుండేది.

ఆ ఊళ్లో ఏడాదికి తొమ్మిది నెలలు మంచే. మిగిలింది మూడు నెలలు. సరిగ్గా లెక్కపెడితే తొంభై రోజులు. ఆ తొంభై రోజుల్లోనే విత్తాలి, మొలిపించాలి, కాయించాలి, కోసి అటకెక్కించాలి. తొంభై ఒకటో రోజున మంచు ఎవరినీ అడగదు. వచ్చి కూర్చుంటుంది.

అక్కడ పండేది ఒక్కటే పంట, మంచుగుమ్మడి. గింజ నాటిన అరవై రోజులకు గానీ కాయ కోతకు రాదు. తొంభైలో అరవై తీసేస్తే ఎంత? చెప్పండి పిల్లలూ, ముప్ఫై! ముప్ఫయ్యో రోజు దాటాక నాటినవాడికి కాయ దక్కదు, ఆకులే దక్కుతాయి.

మరి ముందే నాటేస్తే సరిపోదా అంటారు కదూ? అక్కడే ఉంది తిరకాసు. పైన ఎండ కాస్తున్నా లోపల నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది. పోయినట్టే పోయి వెనక్కి తిరిగొచ్చే మంచు ఒకటుంది, దాన్ని ఆ ఊరివాళ్లు వెనకమంచు అనేవారు. తొందరపడి నాటిన గింజను అది నేలలోనే చిట్లగొట్టేస్తుంది. నేల లోపలిదాకా వెచ్చబడ్డాక మాత్రం వెనకమంచు ఆ ఏటికి మళ్లీ ఆ ఊరి ఛాయలకు రాదు.

అందుకని వెండికోనలో ఒక ఆచారం ఉండేది. ఊరి మొదటి మడిలో ఒక మనిషి వట్టి కాళ్లతో నిలబడి విత్తుల పాట పాడాలి. పాట సగంలోనే కాళ్లు జివ్వుమంటే నేల ఇంకా చల్లగా ఉందన్నమాట. చివరిదాకా నిలబడగలిగితే నేల వెచ్చబడిందన్నమాట. అప్పుడు డప్పు మోగించాలి. ఆ డప్పు మోగనిదే ఎవరూ ఒక్క గింజ నాటరు. మోగాక ఎవరూ ఒక్క పూట ఆగరు.

డప్పు తప్పుగా మోగించినవాళ్లు వట్టి చేతులతో ఈదురు కనుమ అనే కొండదారి దాటి వెళ్లిపోవాలి, మళ్లీ రాకూడదు. ఇదీ కట్టుబాటు. అయితే అప్పటిదాకా ఎవరూ వెళ్లలేదు, ఎందుకంటే అప్పటిదాకా ఎవరి కాళ్లూ తప్పు చెప్పలేదు.

నలభై ఏళ్లుగా ఆ మడిలో నిలబడుతున్నది ఓబులక్క. నోరు కాస్త దురుసు గానీ మనసు వెన్న. ఆమె డప్పు కొట్టిందంటే ఊరంతా కళ్లు మూసుకుని నాటేసేది.

ఆ ఏడు చలికాలంలో ఒక ఘోరం జరిగింది. విత్తనాల కుండలు దాచిన గుహ పైకప్పు మంచు బరువుకు కూలింది. మగవాళ్లు పారలు వెతుక్కునే లోపలే ఓబులక్క చిరిగిన చెప్పులతో మంచులో దిగి, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రెండు చేతులా తవ్వింది. పన్నెండు కుండల్లో మూడు దక్కాయి. మిగతావి పగిలి మంచులో కలిసిపోయాయి.

ఆమె పాదాలు నీలమెక్కి వాచాయి. నెల తిరిగేసరికి వాపు తీసింది, నొప్పీ పోయింది. నొప్పి లేదంటే నయమైనట్టే కదా అనుకుని, ఉన్ని మేజోళ్లు తొడుక్కుని తన పనుల్లో పడిపోయింది. పాపం, పొరబడింది.

ఎండాకాలం మొదలై ఎనిమిదో రోజు వచ్చింది. ఓబులక్క మేజోళ్లు విప్పి మడిలో దిగింది. ఊరంతా గట్టు మీద నిలబడింది. ఆమె పాట అందుకుంది.

"పండుకో చిట్టీ పండుకోవే,
నేలమ్మ ఒడి వెచ్చనాయే పండుకోవే,
ఏడవకే చిట్టీ పండుకోవే."

చివరిదాకా పాడింది. కాళ్లకు ఏమీ తెలియలేదు. ఓబులక్క మొహం వెలిగిపోయింది.

"ఎనిమిదో రోజుకే వెచ్చబడిందర్రా నేల! నా నలభై ఏళ్లలో ఇదే మొదలు!" అని డప్పు అందుకుని మోగించింది.

ఊరిపెద్ద సింగన్న జాగ్రత్త మనిషి. "ఉన్నది మూడు కుండలే. ముందు ఒక్క కుండ నాటుదాం" అన్నాడు. గడప గడపకూ దోసెడు గింజలు పంచారు. సాయంత్రానికల్లా మొదటి కుండ ఖాళీ అయింది.

పద్నాలుగో రోజు పొద్దున లేచి చూస్తే మళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. వెనకమంచు! మట్టి పెళ్లగించి చూస్తే ప్రతి గింజా చిట్లి ఉంది.

ఎవరూ ఓబులక్కను ఒక్క మాటనలేదు. "మాయదారి మంచు, అక్క కాళ్లనే మోసం చేసింది" అని మంచునే తిట్టుకున్నారు. ఓబులక్క మాత్రం ఇల్లు చేరలేక మొదటి మడి దగ్గర కూలబడింది. అప్పుడు మడి పక్క రాతిగోడ మీద ఒక కాకి వాలింది. నలభై ఏళ్లు మళ్ల మధ్య బతికిన ఓబులక్కకు కాకుల మాటలు తెలుసు. మిగతా ఊరికి మాత్రం అవి కావు కావుమనే వినిపించేవి.

"ఓబులక్కా, ఆ కాలేంటి?" అంది కాకి.

"కాలు కాలే. నీకెందుకే?"

"అడుగున చూసుకో."

చూసుకుంది. మేజోడు చిరుగులోంచి వేలెడు ముల్లు అరికాల్లో దిగి ఉంది. నడిచి వచ్చిన దారంతా నెత్తుటి చుక్కలే. ఓబులక్క ముల్లు పీకింది. నొప్పి లేదు. రాయి తీసుకుని బొటనవేలి మీద కొట్టుకుంది. ఊహూఁ! మళ్లీ కొట్టింది. వేలు కమిలింది గానీ ఆ వేలు ఆమెది కానట్టే ఉంది.

అప్పుడర్థమైంది ఆమెకు. నేల వెచ్చబడలేదు. తన పాదాలు చచ్చిపోయాయి.

"చెప్తావా ఊరికి?" అంది కాకి.

ఓబులక్కకు ఈదురు కనుమ కళ్లముందు కనిపించింది. అటువైపు ఆమెకు ఎవరున్నారని? అరవై ఏళ్ల మనిషి, మొద్దుబారిన కాళ్లు, వట్టి చేతులు.

"నువ్వు నోరు మూసుకో" అంది.

"నేనెంత అరిచినా వాళ్లకు కావు కావే కదా. చెప్పాల్సింది నువ్వే" అని కాకి ఎగిరిపోయింది.

పదిహేడో రోజున ఊరంతా మళ్లీ గట్టు మీదికి వచ్చింది. "రోజులు కరిగిపోతున్నాయి ఓబులక్కా, నిలబడు" అన్నారు. ఓబులక్క నిలబడింది. పాట పాడుతూ అటూ ఇటూ చూసింది. బండరాళ్ల మీద మంచు జారిపోయింది. గాలి దక్షిణం నుంచి వీస్తోంది. వెచ్చబడే ఉంటుందిలే అనుకుంది మనసులో. కాళ్లకు తెలిసినట్టే ఒకసారి మొహం చిట్లించింది, తర్వాత నవ్వింది. అంతా నటన! డప్పు తీసి కొట్టింది.

రెండో కుండా ఖాళీ అయింది.

ఇరవైమూడో రోజు పొద్దున మళ్లన్నీ మళ్లీ తెల్లబడ్డాయి. ఈసారి ఎవరూ మంచును తిట్టలేదు. తిట్టడానికి ఓపిక లేదు. అటకలు ఊడ్చుకుంటే పిల్లలకు నాలుగు పూటలకు సరిపడా గుమ్మడి వరుగులు దొరికాయి. గొర్రెల కాపరి మారెన్న తన వంతు తన ముగ్గురు పిల్లలకూ పెట్టేసి, వాకిట్లో మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. ఓబులక్క ఆ ఇంటి ముందు నుంచి నడవలేక చుట్టుదారిన పోయింది.

ఇంక ఒక్క కుండ. అదీ పోతే ఊరు ఊరంతా పిల్లాజెల్లాతో కనుమ దాటి వలస పోవాల్సిందే.

ఇరవై అయిదో రోజున సింగన్న ఆ కుండను తన చేతులతో మోసుకొచ్చి మడి గట్టు మీద పెట్టాడు.

"అమ్మా ఓబులూ, ఇంక నీ కాళ్లే మాకు దిక్కు" అన్నాడు.

ఓబులక్క మేజోళ్లు విప్పింది. మడిలో దిగింది. కాకి గోడ మీద కూర్చుని చూస్తోంది. ఓబులక్క పాట ఎత్తుకుంది. "పండుకో చిట్టీ..." అనేసరికి ఆమె చూపు కుండ మీద పడింది, కుండ వెనక నిలబడ్డ మారెన్న పిల్లల మీద పడింది. పాట ఆపేసింది.

"పాడు అక్కా!" అన్నారెవరో.

"నేను పాడను" అంది ఓబులక్క. "నా కాళ్లు చచ్చిపోయాయి. గుహ కూలిన నాడే చచ్చిపోయాయి. నిప్పు మీద నిలబెట్టినా వీటికి తెలియదు."

సింగన్న మెల్లగా అడిగాడు. "మొదటి కుండ నాడు నీకు తెలుసా?"

"తెలియదు."

"రెండో కుండ నాడు?"

ఓబులక్క తల దించుకోలేదు. "తెలుసు. కనుమ దాటి పొమ్మంటారని భయమేసింది. నోరు మూసుకున్నాను."

ఇంక చూడండి గోల! "నా పిల్లల నోటి దగ్గరి కూడు మట్టిలో పోసింది! గెంటండి కనుమ దాకా!" అని మారెన్న కర్ర ఎత్తాడు. నలుగురు అతన్ని పట్టుకున్నారు. ఓబులక్క డప్పు తీసి సింగన్న కాళ్ల దగ్గర పెట్టి, కనుమ వైపు తిరిగింది.

"ఆగు. నువ్వు పోతే ఈ కుండ సంగతేంటి? నేల సంగతి ఎవరు చెప్తారు?" అన్నాడు సింగన్న.

అంతే, అందరూ చెప్పులు విప్పి మడిలోకి దూకారు. "కాలిపోతోంది, నాటేద్దాం!" అన్నాడొకడు. "నీ మొహం, మంచు గడ్డ!" అన్నాడు ఇంకొకడు. మారెన్న మడమలు రాళ్లలో తిరిగి రాళ్లయిపోయాయి, అతనికి ఏమీ తెలియలేదు. సింగన్న పాట మొదటి ముక్కకే ఒంటికాలి మీద గెంతాడు. ఎవరి కాలు ఎవరి మాటా వినదు. ఇరవై అయిదో రోజు సగం ఆ రభసలోనే గడిచిపోయింది.

గట్టు మీద ఒక వారగా లచ్చవ్వ కూర్చుని ఉంది. కనుమ అవతలి ఊరి పిల్ల. కిందటేడే వెండికోనకు కోడలై వచ్చింది. ఒళ్లో అయిదు నెలల పాప. ఆమె నెమ్మదిగా అడిగింది.

"పెద్దమ్మా, ఆ పాట ఒక్కసారి మళ్లా చెప్పవా?"

"ఇప్పుడు పాటెందుకే తల్లీ!"

"చెప్పు పెద్దమ్మా."

ఓబులక్క చెప్పింది. పండుకో చిట్టీ పండుకోవే. ఏడవకే చిట్టీ పండుకోవే.

"పండుకో అంటే మీ ఊళ్ల ఏమనుకుంటరు?" అంది లచ్చవ్వ.

"పండు అని. గింజా, బాగా పండవే అని" అన్నాడు సింగన్న. "పుట్టినప్పటి నుంచీ అదే తెలుసు."

"మా దిక్కు పండుకో అంటే పడుకో అని. నిద్రపో అని. మా అవ్వ నాకు పాడింది, నేను దీనికి పాడతా. ఇది విత్తుల పాట కాదు పెద్దమ్మా. జోలపాట."

ఓబులక్క తన నెత్తిన తానే మొట్టుకుంది. "నలభై ఏళ్లు పాడాను! ఏడవకే చిట్టీ అని నలభై ఏళ్లు పాడాను! గింజ ఎక్కడన్నా ఏడుస్తుందా అని ఒక్కనాడూ నన్ను నేను అడుక్కోలేదే!"

మెల్లగా ఊరందరికీ వెలిగింది. ఆ పాట కట్టినవాళ్లు మడిలో కాళ్లు పెట్టలేదు, పసిపాపను పడుకోబెట్టారు. పాప ఏడిస్తే నేల చల్లన. జోలకు నిద్రపోతే నేల వెచ్చన. ఏ కాలంలోనో ఊళ్లో పసిపాప లేని ఏడు ఎవరో తమ కాళ్లు పెట్టి ఉంటారు. అప్పటి నుంచీ అదే ఆచారమై కూర్చుంది.

లచ్చవ్వ పాపను మెత్తగా మట్టి మీద పడుకోబెట్టింది. ఓబులక్క మొదటి ముక్క అందుకుంది. పాప కెవ్వుమంది! లచ్చవ్వ చటుక్కున ఎత్తుకుని గుండెకు హత్తుకుంది.

"ఇంకా కాలేదు" అన్నాడు సింగన్న. "ఓబులూ, ఆ పాట ఎంత నిదానంగా పాడాలో నీకొక్కదానికే తెలుసు. విత్తేదాకా ఉండు. పంట చేతికొచ్చాక కట్టుబాటు సంగతి చూద్దాం."

ఓబులక్క తలూపింది. ఆ తర్వాత ఊరికే కూర్చోలేదు. "నేలను బతిమాలాలర్రా!" అని అందరినీ తరిమింది. పొయ్యిల్లో బూడిద తెచ్చి మళ్ల మీద నల్లగా చల్లించింది, నలుపు ఎండను తాగుతుందని. ఉత్తరం వైపు రాళ్లు పేర్పించింది, ఈదురుగాలి తగలకుండా. మారెన్న కోపం కోపంగానే పొగలు కక్కే గొర్రెల పెంట తట్టలకెత్తి తెచ్చాడు. పొద్దుగూకగానే మళ్ల మీద గడ్డి కప్పారు, తెల్లవారగానే తీశారు.

ఇరవై ఎనిమిదో రోజున పాపను మళ్లీ పడుకోబెట్టారు. మొదటి ముక్కకు ఊరుకుంది. రెండో ముక్క సగంలో పెదవి విరిచి ఏడుపు లంకించుకుంది.

"చాలు, నాటేద్దాం! ఇంక రెండు రోజులే!" అని సగం మంది అరిచారు. "చిట్లిన గింజలు మళ్లీ చూస్తారా?" అని ఓబులక్క కుండ మీద చెయ్యి వేసి అడ్డం నిలబడింది. "నాకూ అలాగే తొందరైంది. రెండో కుండ అలాగే పోయింది." అరిచినవాళ్లు వెనక్కి తగ్గారు.

ముప్ఫయ్యో రోజు. ఆ రోజు తప్పితే ఇంక లేదు.

ఎండ గోడల మీద నుంచి దిగి మడిలోకి వచ్చేదాకా ఆగారు. లచ్చవ్వ పాపను పడుకోబెట్టింది. ఓబులక్క పక్కనే చతికిలబడి పాట ఎత్తుకుంది. మొదటి ముక్కకు పాప మూలిగింది. రెండో ముక్కకు బొటనవేలు నోట్లో పెట్టుకుంది. కళ్లు మాత్రం మూయలేదు. అలా పెద్ద కళ్లేసుకుని ఆకాశం కేసి చూస్తోంది. గోడ మీద కాకి నోరు తెరవబోయింది. ఓబులక్క పాట ఆపకుండానే దాని వంక కళ్లెర్రజేసింది. కాకి నోరు మూసుకుంది.

"ఏడవకే చిట్టీ..."

రెప్పలు బరువెక్కాయి.

"...పండుకోవే."

పాప నిద్రపోయింది.

సింగన్న డప్పు అందుకోబోయాడు. ఊరి తల్లులందరూ ఒక్కసారే ఆయన వంక గుడ్లురిమి చూశారు. పాప లేస్తుందయ్యా! సింగన్న నాలుక కరుచుకుని, డప్పు కింద పెట్టి చెయ్యెత్తాడు. ఆ రోజు వెండికోన అంతా మాట్లాడకుండా, మునివేళ్ల మీద నడుస్తూ, చివరి కుండ గింజలు నాటింది.

మొలకలు వచ్చాయి. వెనకమంచు రాలేదు. తీగలు పాకాయి, పూలు పూశాయి, పిందెలు పడ్డాయి. అందాకా ఊరు గొర్రెల పాలతో, గుమ్మడాకు కూరతో నెట్టుకొచ్చింది. కానీ రోజులు కూడా పరిగెత్తుతూనే ఉన్నాయి. ఎనభై తొమ్మిదో రోజుకు కాయలు ఇంకా లేతగానే ఉంటే మారెన్న తీగల మధ్యే కూర్చుని ఒక్కొక్క కాయనూ వేలితో తట్టి చూశాడు. తొంభయ్యో రోజు పొద్దునకు గట్టిపడ్డాయి. ఊరంతా కొడవళ్లు పట్టుకుని పడింది. రాత్రంతా కోసి, తెల్లవారుతుండగా ఆఖరి కాయను మారెన్న పైకెత్తేసరికి కాకి ముక్కు మీద మొదటి మంచుపువ్వు పడింది.

అటకలు నిండాయి. ఎండబెట్టిన గింజలతో పన్నెండు కుండలు మళ్లీ నిండాయి.

అప్పుడు ఓబులక్క ఎవరూ పిలవకుండానే కనుమ దారిలో వచ్చి నిలబడింది. మూట లేదు, కర్ర లేదు. ఊరంతా వెనకే వచ్చింది.

సింగన్న గొంతు సవరించుకున్నాడు. "ఓబులూ, రెండో కుండ నువ్వు పోగొట్టావు. అది మేం మరిచిపోలేం. డప్పు తప్పుగా మోగించినవాళ్లు వట్టి చేతులతో కనుమ దాటాలి. అదే కదా కట్టుబాటు?"

"అదే" అంది ఓబులక్క. కళ్లు తడిశాయి గానీ కాలు ముందుకే వేసింది.

అప్పుడు లచ్చవ్వ గబగబా వచ్చి పాపను ఆమె చేతుల్లో పెట్టేసింది. "కొంచెం పట్టుకో పెద్దమ్మా" అని ఏమీ ఎరగనట్టు పక్కకు పోయి నిలబడింది.

సింగన్న మీసాల్లో నవ్వుకున్నాడు. "వట్టి చేతులతో పోవాలన్నారు పెద్దలు. ఈమె చేతులు వట్టివి కావే! ఇప్పుడు పంపిస్తే కట్టుబాటు తప్పినట్టవుతుంది. ఏం మారెన్నా, నువ్వేమంటావు?"

"చేతులు ఖాళీ అయ్యేదాకా ఉండమనండి" అన్నాడు మారెన్న. తర్వాత గొణిగాడు, "ఆ పాప నడక నేర్చేసరికి మా ఇంట్లో ఇంకొకటి పుడుతుంది. అదీ ఎత్తుకోవాలి మరి."

ఓబులక్క పాపను గుండెకు అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దారి పక్క బండ మీద కాకి మాత్రం "కావు కావు" అంది. ఏమందో ఆమెకొక్కతెకే తెలుసు. ఆ ఏటి నుంచి వెండికోనలో డప్పు మోగలేదు. ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయిందంటే విత్తే రోజు వచ్చిందని లెక్క.

పిల్లలూ, తెలియక చేసిన తప్పుకు ఒక కుండ పోయింది, తెలిసి దాచిన తప్పుకు ఇంకో కుండ పోయింది, నలుగురిలో ఒప్పుకున్న నిజం మూడో కుండతో ఊరినంతా బతికించింది; కాబట్టి తప్పు జరిగితే ఎంత భయమేసినా ఆ రోజే చెప్పేయాలి.